ఒనోరా టాన్సీ రాయి

అమ్మ సమాధి మీద ఎవరిదో పేరు చెక్కిన నల్లరాయి నిలబడి ఉంది.

డెలియా గడ్డి కోసే మిషను ఆపేసింది. ఐర్లండులో, స్లైగో కొండల కింద ఈ శ్మశానంలో గడ్డి కోయడమే ఆమె పని. పోయిన వారం ఇక్కడ ఈ రాయి లేదు. చెక్కించే స్తోమత లేక అమ్మకి పొలంలోంచి తెచ్చిన బండ పాతింది. ఇప్పుడు దాన్ని పీకేసి గోడవార పడేశారు. కొత్త రాయి మీద బంగారు అక్షరాలు: ‘ఒనోరా టాన్సీ. బోస్టన్‌లోని వారసులు పెట్టించినది.’

ఈరోజే సమాధుల ఆదివారం. మధ్యాహ్నం ఫాదర్ వచ్చి పవిత్ర జలం చల్లుతారు. ప్రతి కుటుంబమూ తమ సమాధి దగ్గరే నిలబడాలి. మరి డెలియా ఎక్కడ నిలబడాలి?

ఫాదర్ ఇంటికి పరుగెత్తింది. వంటమనిషి తలుపు సందులోంచే కసిరింది. “భోంచేస్తున్నారు. రాళ్ల గొడవలు మంగళవారం.”

సమాధి గోతులు తవ్వే ముసలి బార్ట్లీ ఇంటికెళ్లి తలుపు బాదింది. తీయలేదు. లోపల రేడియో మాత్రం మోగుతూనే ఉంది.

కడుపు మండి గునపం తెచ్చి రాయి కింద దూర్చింది. కదిలితేనా! సిమెంటు పోసి మరీ నిలబెట్టారు.

చెమట తుడుచుకునేలోపే జనం వచ్చేశారు. నీలం రెయిన్‌కోటు వేసుకున్న ముసలామె ఆ రాయి ముందు కూలబడి భోరుమంది.

“మా ముత్తవ్వ కోసం నాలుగేళ్లు వెతికానమ్మా. ఏ ఊళ్లో అడిగినా తెలీదన్నారు. ఇక్కడొక పెద్దాయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాడు. నువ్వూ మావాళ్లమ్మాయివేనా?”

డెలియా పళ్లు బిగించింది. గునపం వెనక్కి దాచింది.

“పక్కవాళ్లమ్మాయిని,” అంది.

ఫాదర్ చల్లిన నీళ్లు ఇద్దరి మీదా పడ్డాయి. ముసలామె రాయిని ముద్దు పెట్టుకుని, కారెక్కి వెళ్లిపోయింది. ఆమె చేతి తొడుగులు రాయి మీదే మిగిలాయి.

అప్పుడొచ్చాడు బార్ట్లీ, టోపీ నలుపుకుంటూ.

“ఎవరు బాబాయ్, ఆ పెద్దాయన?”

“నేనేనే పిల్లా. ఒనోరాకి సమాధెక్కడిది? ఆ పాతకాలపు బంగాళాదుంపల కరువులో పోయింది. అందరితో కలిపి గుంటలో పడేసి సున్నం పోశారు. ఆ మాట ఆవిడ మొహం మీద చెప్పలేకపోయా. పేరు లేని చోటు ఇదొక్కటే కనిపించింది. మీ అమ్మ... చర్చిలో బెంచీ ఎంత ఇరుగ్గా ఉన్నా, ఎవరొచ్చినా జరిగి కూర్చోబెట్టుకునేది కదా. ఆవిడ ఒప్పుకునే ఉంటుందే. నిన్నడగడానికే నాకు ధైర్యం చాల్లేదు.”