సగంలో సగం

ఇట్లా నా పక్కకు జరుగు తల్లీ, ఆ ఫ్యాన్ చప్పుడుకు నా మాట వినపడదు. కృపమణి సంగతి చెబుతాను. రెండువేల ఆరు ఎండాకాలంలో మనవరాలు నిస్సీని వెంటబెట్టుకుని, కోసిగి నుంచి కడప దగ్గరి బండల ఫ్యాక్టరీకి కూలికి వచ్చిందే, ఆ కృపమణి.

నిస్సీ అప్పుడే తెలుగు మీడియంలో పదో తరగతి ముగించింది. కడపలో ఒక కాలేజీవాళ్లు జూన్‌లో పరీక్ష పెడతామనీ, నెగ్గితేనే ఇంటర్లో లెక్కల గ్రూపు ఇస్తామనీ చెప్పారు. ప్రశ్నలు ఇంటర్ పుస్తకంలోంచే, అవీ ఇంగ్లీషులో. నెగ్గకపోతే ఆ పిల్ల కోరుకున్న చదువు అక్కడితో సరి. పాఠం చెప్పే వాళ్లెవరు? వాళ్ల చర్చి పాస్టరమ్మ కూతురు చదివి వదిలేసిన పుస్తకమొక్కటే దిక్కు.

పొద్దున అవ్వతో కలిసి బండలు కడిగేది. కరెంటు పోయి మిషన్లు ఆగితే పుస్తకం తెరిచేది. అప్పుడా ఫ్యాక్టరీలో చీమ చిటుక్కుమన్నా వినపడేది. గోడకానించిన నల్లబండలన్నీ ఆ పిల్లకు పలకలే. సుద్దముక్కతో రాసేది, తుడిచేది, మళ్లీ రాసేది. ఒక్క పాఠం మాత్రం కొరుకుడు పడలేదు. అంతులేకుండా కలుపుకుంటూ పోయినా, మొత్తం ఒక హద్దు దాటదట!

"అదెట్లయితాది అవ్వా? కలిపేకొద్దీ పెరగాల గదా!"

"నన్నడుగుతాండావా? నాకు సంగటి కెలికేది తప్ప కలిపేది తెల్దు."

ఒక మధ్యాహ్నం నిస్సీ ఒక మంచి బండ మీద సరిగ్గా నడిమికి నిలువుగా గీత గీసింది. ఒక సగం వదిలి, రెండో సగాన్ని మళ్లీ సగం చేసింది. అందులో సగం, మళ్లీ దాంట్లో సగం. గీతలు దగ్గరై దగ్గరై వేలు కూడా పట్టనంత అయ్యాయి. ఇంతలో అవ్వ అన్నానికి పిలిస్తే లేచి పోయింది.

అప్పుడే కరెంటు వచ్చింది. కోత మిషన్ నడిపేది దావీదురాజు. మళ్లీ కరెంటు పోయేలోపల ఎంత కోస్తే అంత కూలి. బండ మీద సుద్దగీత ఉంటే అక్కడ కోయమని గుర్తు, ఆ ఫ్యాక్టరీలో పద్ధతే అది. ఎవరినీ అడగలేదు. బండను ఎక్కించి, గీత ఉన్నచోటల్లా కోసుకుంటూ పోయాడు.

యజమాని రాఘవేంద్రప్రసాద్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"ఏమప్పా దావీదూ, బండ కోసినావా, మైసూరుపాకు కోసినావా?"

"గీతలుండాయి సార్, కోసినా."

"గీసిందెవరు?"

"నేనే సార్" అంది నిస్సీ, చేతిలో సంగటి ముద్దతోనే.

"రేపట్నించి నీ మనవరాలు ఈడ కనపడగూడదు" అన్నాడాయన కృపమణితో.

కృపమణికి తెలుసు. ఇక్కడ చోటు పోతే కోసిగి బస్సెక్కాలి. ఇక పరీక్ష ఎక్కడిది, గ్రూపు ఎక్కడిది?

నిస్సీకి మాత్రం ఆ మాటే చెవికెక్కలేదు. ముద్ద పక్కన పెట్టి ముక్కల్ని నేల మీద వరసగా పేరుస్తోంది. సగం, దాని పక్కన సగంలో సగం. అన్నిటికంటే సన్నముక్క దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"సార్, దావీదు మామ ఇట్లే సగంలో సగం కోసుకుంటా పోయినాడనుకోండి. ఎన్నేండ్లు కోసినా ముక్కలకు అంతుండదు."

"నా భయమూ అదేనమ్మా."

"అన్నీ మళ్లీ పక్కపక్కన చేరిస్తే ఎంతయితాది సార్?"

ఆయన ముక్కల్ని ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. "ఈ ఒక్క బండే గదా" అన్నాడు నెమ్మదిగా.

"అంతే సార్! దాటదు! ఇన్నాళ్లూ నాకు అర్థం గానిది అదే!"

రాఘవేంద్రప్రసాద్ గొంతుక్కూర్చుని సన్నముక్కను వేలితో తాకాడు. "అంతులేనన్ని ముక్కలు అమ్మినా నాకొచ్చేది ఒక్క బండ డబ్బేనా! వ్యాపారం ముంచే లెక్క ఇది" అని పకపకా నవ్వాడు. "సరే, ఈడే రాసుకో. పైన 'కోయొద్దు' అని గూడా రాయి."

కృపమణి నవ్వలేదు. పొద్దున తన చేత్తో కడిగిన బండలోనే అంతులేనిది ఇమిడి ఉందట. అది దుమ్ములో తన కాళ్ల దగ్గర పరుచుకుని ఉంటే, చూసింది తన పిల్ల. చెప్పులు విప్పి పక్కన పెట్టింది, చర్చిలో ప్రార్థనకు నిలబడినట్టు.

జూన్‌లో నిస్సీ పరీక్ష రాసింది. లెక్కల గ్రూపులో సీటొచ్చింది.

ఇది మరిచిపోకు తల్లీ. రేపు నీ పిల్లలకు చెప్పేటప్పుడు ఒక రొట్టెను సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసి చేతుల్లో పెట్టి చెప్పు. ఎక్కడ ఆగాలో వాళ్లనే అడుగు.