మృత్యుంజయం మాస్టారి మరపురాని రోజు

నేను ఒక నోట్సు పుస్తకాన్ని. రాజమండ్రిలో ఒక బైండింగు షాపులో పుట్టాను. నల్ల అట్ట, ఎర్ర గుడ్డ అంటించిన వీపు, రెండు వందల పేజీలు. నాతోపాటు కుట్టిన పుస్తకాలు కొన్ని ఆస్పత్రికీ, కొన్ని పోలీసు స్టేషనుకూ పోయాయి. నేను మాత్రం కాలేజీకి పోతున్నానని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నన్ను కొన్నవాడు గోటేటి మృత్యుంజయం. కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో వ్యాసరచన, వక్తృత్వం బోధించడానికి అప్పుడే చేరిన లెక్చరరు. పిల్లలకు నమూనాగా చూపిద్దామని 'నా జీవితంలో మరపురాని రోజు' అనే వ్యాసం నాలో రాశాడు. వాళ్ళ తాత పొలం గట్టు మీద పాము కరిచి పోయిన రోజది. రాస్తూ రాస్తూ ఏడ్చాడు. రెండు చోట్ల సిరా అలుక్కుపోయింది. నిజం చెప్పొద్దూ, నాలో చదవదగ్గ పేజీ అదొక్కటే.

చదివి వినిపిస్తే పిల్లలు, "అదే మెల్లిగా చెప్పండి సార్, రాసేసుకుంటాం" అన్నారు. చెప్పాడు. పరీక్షలోనూ అదే రాశారు. అన్నీ ఒకేలా ఉంటే దిద్దడం ఎంత సుఖమో ఆయనకు తెలిసొచ్చింది. ఇక ముప్పై ఏళ్ళు ఆ సుఖాన్ని వదల్లేదు. ఏటా అరవై మంది తాతలు అదే గట్టు మీద, అదే పాము కాటుకు పోయారు. సెంటు భూమి లేని తాతలకు కూడా చావడానికి ఒక గట్టు దొరికింది. పొల్లు పోకుండా అప్పజెప్పినవాడికి ఇరవైకి పద్దెనిమిది మార్కులు. ఈలోగా మాస్టారు 'విద్యార్థి రచనలో స్వతంత్ర ఆలోచన' మీద డాక్టరేటు పుచ్చుకున్నాడు, శాఖాధిపతి అయ్యాడు, సదస్సుల్లో శాలువాలు కప్పించుకున్నాడు. చెప్పేవన్నీ శ్రీరంగనీతులే. ఆ శాలువాల కింద బీరువాలో మగ్గిన నాకు తెలుసు, లోపల సరుకెంతో.

ఆయన రిటైరయ్యే ఏడాది వీరవేణి అనే లంక ఊరి పిల్ల పరీక్షలో ఆ వ్యాసం సొంతంగా రాసింది. పడవ నడిపే తాత సత్తెయ్య, గోదావరి పోటు మీద ఉండగా తనను రేవు దాటించి కాలేజీలో చేర్పించిన రోజు గురించి. మాస్టారు నాలుగు మార్కులు వేశాడు. ఆ పేపరు పోతే డిగ్రీ ఆగుతుంది, టీచరు ట్రైనింగు సీటు పోతుంది. ఆ పిల్ల స్టాఫ్ రూముకి వచ్చింది.

"నేనేం తప్పు రాశానండీ?"

"నోట్సులో ఉన్నది రాయలేదు కదమ్మా. తాతగారు పోతేనే కరుణరసం పండుతుంది."

"మా తాత బతికే ఉన్నాడండి. ఎలాగ చంపేమంటారండి?"

"పరీక్షలో చంపితే పోయేదేముంది? ఇదిగో నోట్సు. వరండాలో కూర్చుని మళ్ళీ రాసి పట్రా, మార్కులు నేను చూసుకుంటాను."

నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆ పిల్ల రాసింది. తాత గట్టు మీద పడిపోయే వాక్యం దగ్గర కలం ఆగింది. గేటు వైపు చూసి, మిగతాదీ రాసేసింది. చివర మాత్రం తన మాట ఒకటి చేర్చింది: 'పైన పోయిన తాత మా మాస్టారి తాత. మా తాత ఇప్పుడు కాలేజీ గేటు దగ్గర నా కోసం కూర్చున్నాడు.'

మాస్టారు ఆ చివరి ముక్కను ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన 'అనవసరం' అని రాసి, పద్దెనిమిది వేశాడు. పిల్ల నన్ను బల్ల మీద వదిలేసి, నమస్కారం కూడా పెట్టకుండా వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర ముసలాయన లేచి, మనవరాలి చేతిలో సంచీ అందుకుంటున్నాడు.

మాస్టారూ అటు చూశాడు. తరవాత కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకున్నాడు. తన తాతను తలుచుకోబోతున్నాడని నాకు అర్థమైంది. మొదటిసారి ఆయన మీద జాలేసింది. ఆ ముఖం ఎలా ఉండేదో, ఏమని పిలిచేవాడో, ఏదో ఒకటి గుర్తొస్తుందని నేనూ ఎదురుచూశాను. కాసేపటికి పెదవులు కదిలాయి.

"మా తాతగారు గట్టు మీద ఒరిగిపోయారు, కామా, నా చెయ్యి పట్టుకున్నారు, ఫుల్‌స్టాప్" అన్నాడు.