మైనంలో ముంచిన పికప్

వేలికి గాజు గొట్టం తొడుక్కుని తీగ మీద జార్చగానే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. గిటారు తనదే, తీగలు తనవే, మోత మాత్రం పరాయిది.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

రిపేరు బల్ల దగ్గర టంకం వేస్తున్న అన్నయ్య తలెత్తి నవ్వాడు. "నేనే. ఇవాళ నీ మొదటి రికార్డింగు కదా. నిన్న పికప్ విప్పి కరిగించిన మైనంలో ముంచాను. ఇక స్పీకర్లో ఆ కీచు రమ్మన్నా రాదు. కావాలంటే సౌండు పెంచి చూడు."

పెంచి చూసింది. కీచు లేదు, నిజమే. గాజు తీగను రాసుకునేటప్పటి గరగర కూడా లేదు. తీగల కింద ఉండి మోతను పట్టే ఆ పికప్ పాతకాలం పద్ధతిలో చుట్టింది. రాగి చుట్లు కాస్త వదులు, గాజు తగిలితే చాలు అదిరేవి. కీచు పెట్టేదీ ఆ అదురే, పాటకు ఊపిరి పోసేదీ ఆ అదురే. మైనం రెంటినీ కలిపి పూడ్చేసింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినవాడు ఎదురుగా కూర్చుని శభాష్ అనమంటున్నాడు.

"నన్నొక్క మాట అడగలేకపోయావా?"

"అడిగితే వద్దంటావుగా."

"వద్దంటానని తెలిసే చేశావన్నమాట."

అన్నయ్య ముఖం ముడుచుకుంది. "పోనీ, వేడిచేసి తీసేస్తాలే."

"వెంట్రుకంత రాగి తీగ అది. తెగితే ఉన్నదీ పోతుంది. చేతులు కాలాక ఆకులెందుకు?"

"నీ మంచికే చేశానే. ఇన్నేళ్లుగా ప్రతి కచేరీకీ ముందు వరసలో కూర్చుంటున్నాను. ఎప్పుడు కీచుమంటుందో, ఎవరు నవ్వుతారోనని గుండె అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాను. ఆ భయంలో పాటెక్కడ చెవికెక్కుతుంది?"

ఆమె వేలి నుంచి గాజు గొట్టం లాగేసింది. ముందు వరసలో అన్నయ్య తల వంచుకుని కూర్చుంటే పాటలో మునిగిపోయాడనుకునేది. ఆ మురిపెంతో చివరి చరణం అతని కోసమే ఇంకాస్త సాగదీసి వాయించేది. పిచ్చిది. తన మీద తనకే ఒళ్లు మండింది.

గిటారును పెట్టెలో పడుకోబెట్టి మూత ధడాలున వేసింది.

అన్నయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ లేచాడు. "పద, నేనూ వస్తాను. ఇవాళైనా భయం లేకుండా నీ పాట వింటాను."

"ఉన్నన్నాళ్లూ వినలేదు," అంది ఆమె, తలుపు తీస్తూ. "ఇప్పుడు ఏం మిగిల్చావని వస్తావు?"