ఊడ్చుకున్న గింజలు

రైతుల ధాన్యం కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం గోడకు అంటించిన కరపత్రం అడుగున తన పేరు చూసి నస్రీన్ ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె పేరు అచ్చులో పడడం అదే మొదలు. దాని పైనున్న వాక్యం మాత్రం తాను రాసినట్టు గుర్తులేదు: "ఊడ్చిన గింజలు సరుకు యజమానివే, ఒప్పందంలో లేనిది కూలీలు అడగరాదు."

లోపల మక్కజొన్న గింజల రాశి దగ్గర ఉప్పలమ్మ చాట పట్టుకుని చెరుగుతోంది. ఆ అడ్తిలో చాట కూలీల చేతికొచ్చేది నామమాత్రం. రాశి ఎత్తాక నేల మీద మిగిలిన గింజలు ఊడ్చుకుని కొంగున కట్టుకుపోవడమే వాళ్ల అసలు కూలి. ఎవరూ రాసుకోని కట్టుబాటు.

"అడ్తి సేటు చీపుర్లు గుంజుకున్నడు బిడ్డా," అంది ఉప్పలమ్మ, కోపం లేకుండా. "ఏందయ్యా అంటే, గిది సదువుకున్నోళ్ల మాట, పోయి నస్రీన్‌ను అడుగుండ్రి అన్నడు. ఆడిమనిషి పేరు అచ్చయిందని ముందుగాల మేమే మురిసినం. ఎన్కసిరి ఎవలో సదివి చెప్పిండ్రు."

నస్రీన్ గోడ మీది కరపత్రం ఒకటి ఊడదీసుకుని వెనుదిరిగింది.

ఇంటికి నడుస్తుంటే అంతా గుర్తొచ్చింది. సకల జనుల సమ్మెకు కాలేజీ మూతపడ్డప్పుడు, అర్థశాస్త్రం చెప్పే భర్త షాహిద్ ఇంటర్నెట్ సెంటర్ నుంచి కాగితాల కట్టలు మోసుకొచ్చేవాడు. పాఠ్యపుస్తకాల్లో చోటు దొరకని స్వేచ్ఛా మార్కెట్ పండితులవి. అమెరికాలో బ్యాంకులు కూలాక లోకం మళ్లీ వాళ్లను వెతుక్కుంటోందని, రేపటి తెలంగాణకు ఆ ఆలోచనే దిక్కని అనేవాడు. 'నాకన్న నీకు ఇంగ్లీషు మంచిగొస్తది, జర తెలుగు చెయ్' అని ఆమె ఒళ్లో పడేసేవాడు. అత్త రషీదా బేగం వంటింట్లోంచి 'వసారాల నలుగురు కూసున్నరు, నీ కలం చాయ్ కాస్తదా?' అనేది. అయినా ఆ ఆలోచన నస్రీన్‌కు నచ్చింది. ధర అంటే ఏ అధికారికీ తెలియని సంగతిని ఊరూరికీ మోసుకుపోయే కబురట. ఇద్దరికీ ఇష్టమైతేనే మారకమట, ఎవరి మీదా జబర్దస్తీ ఉండదట. 'మరి ఇంట్ల పనికి ధరేంది జీ?' అని ఒకసారి అడిగింది కూడా. 'గది మార్కెట్ల లేదు, మొహబ్బత్‌ల ఉన్నది' అన్నాడు. వసారాలో కూర్చున్న అతని స్నేహితులంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. చాయ్ పొంగుతుంటే పరుగెత్తి, తిరిగొచ్చి రాసిన వాక్యాల్లో ఈ కరపత్రంలోనిదీ ఉందేమో.

ట్రంకు పెట్టెలోని తన తెలుగు రాతప్రతులు తీసి పేజీ పేజీ వెతికింది. లేదు. అయినా మనసు తేలికపడలేదు. ఈ వాక్యం తనది కాకపోయినా, పుస్తకాలుగా అచ్చయిన మిగతావన్నీ తను రాసినవే కదా. కూలి గురించీ ఒప్పందం గురించీ అంత రాస్తున్నప్పుడు ఉప్పలమ్మ చాట ఒక్కసారైనా కళ్లముందు మెదిలిందా?

షాహిద్ అన్నం తింటున్నాడు. కరపత్రం ముందు పెడితే దానివైపు చూడలేదు.

"ఇంట్ల మాట ఇంట్లనే ఉండనీ," అన్నాడు.

"ఇష్టం లేకుంటే మారకమే లేదని నాతోటే రాయించినవ్. నా పేరు నన్ను అడగకుంట ఎట్ల తీస్కున్నవ్?"

అతను నమలడం ఆపాడు.

"నేను అడ్తికి పోతున్న. నా తప్పెంతనో అంత ఒప్పుకుంట. నీ మాట చెప్పుడు చెప్పకపోవుడు నీ ఇష్టం."

బురఖా వేసుకుని బయటికి నడిచింది. కాసేపటికి వెనక చెప్పుల చప్పుడు వినిపించింది.

చాట కూలీలు రాశి చుట్టూ కూర్చుని ఉన్నారు. "అవ్వా, గోడ మీద మాట నేను రాయలే," అంది నస్రీన్. "గా ఆలోచనలను తెలుగు చేసింది మాత్రం నేనే. అప్పుడు మీరు యాదికి రాలే. గది నా తప్పు."

"మరి గోడమీదిది రాసిందెవలు బిడ్డా?"

షాహిద్ చెప్పులు విడిచి ముందుకొచ్చాడు.

"నేనే అవ్వా. పుస్తకాల అచ్చు కర్సు పెట్టుకుంటనని సేటు అన్నడు, ఆయన అడిగింది రాసిచ్చిన. నా పేరు పెడితే ఊళ్లె నిలదీస్తరని భయమైంది. నస్రీన్ నాలుగు పుస్తకాలు తెలుగు చేసింది, నాలుగింటి మీద నా పేరేసుకున్న. ఆమె రాయని ఒక్క మాట కింద ఆమె పేరు పెట్టిన."