గాలియెనస్ వెండి పూత

అనంతకృష్ణ మాస్టారికి విజయనగరంలో మాట్లాడుకోవడానికి మిగిలింది ఇద్దరే. ఒకరు ఇంటిపనికి వచ్చే కుమారి. రెండో ఆయన పదిహేడు వందల ఏళ్ల కిందట పోయిన రోము చక్రవర్తి గాలియెనస్. ఆయనగారి నాణెం మాస్టారి బల్లమీద ఉంటుంది. పెళ్లయిన కొత్తలో భార్య జ్ఞానాంబ, సంగీతం టీచరుగా తనకొచ్చిన మొదటి జీతంతో కొనిపెట్టింది. ఆవిడ పోయి రెండేళ్లు కావస్తోంది.

కుమారి అంట్లు తోముతుంటే మాస్టారు గుమ్మంలో నిలబడి పాఠం మొదలుపెట్టేవారు.

"పాపం, తండ్రిని శత్రువులు పట్టుకుపోయారు. కొడుకులు పోయారు. నమ్మినవాళ్లు రాజ్యాన్ని తలో ముక్కా లాక్కున్నారు. సైన్యానికి జీతాలివ్వడానికి వెండి చాలక, రాగిబిళ్లకి వెండి పూత వేయించాడు."

"పైన పటారం, లోన లొటారం," అనేది కుమారి. "మీరు ఫోన్లో అందరికీ 'నాకేం, దివ్యంగా ఉన్నాను' అని సెప్తారు సూడండి, అలాటిదే."

మాస్టారు వినిపించుకోనట్టే ఉండేవారు.

జ్ఞానాంబ తద్దినం ముందురోజు కుమారి కుందులన్నీ చింతపండు, ఉప్పు వేసి తోమింది. పనిలో పనిగా బల్లమీది నాణెం కూడా.

"నల్లగున్నాదని తోమీసినాను మాస్టారూ. సూడండి, ఎలా మెరిసిపోతన్నాదో!"

చేతిలో ఎర్రటి రాగిబిళ్ల. ఇన్ని వందల ఏళ్లు నిలిచిన వెండి గుప్పెడు చింతపండుకి కొట్టుకుపోయింది.

"ఇంక నువ్వు రావద్దు," అన్నారు మాస్టారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం కదా. కుమారి కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

తద్దినానికి వచ్చిన భోక్తలు భోంచేసి వెళ్లారు. ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో మనిషి గొంతు లేదు. మాస్టారికి భయం వేసింది. మూడోరోజు ఆటో ఎక్కి కుమారి ఇంటికి బయల్దేరారు. అంట్లు పేరుకుపోయాయని చెబుదామని దారంతా అనుకుంటూనే ఉన్నారు.

"ఏటి మాస్టారూ, ఇంత ఎండలో! ఎలాగున్నారు?"

"నాకేం, దివ్యంగా..." అనబోయి మాస్టారు తల అడ్డంగా ఊపారు. "బాగాలేను కుమారీ. ఆ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరు."

కుమారి పీట వాల్చింది, మంచినీళ్లిచ్చింది.

"ఆ రాజు సివరికి ఏటైనాడో సెప్పనేదు."

"సొంత మనుషులే చంపేశారు," అన్నారు మాస్టారు కళ్లు ఒత్తుకుంటూ.

"అయ్యో! ఈలోగా ఒక్కరికైనా సెప్పుకున్నాడో నేదో," అంది కుమారి. "రేపు ఏడింటికొస్తాన్లెండి."