ఎనభై నాలుగో నిమిషం గోలు

మా ఊరు కాసల్‌ఫొంతా ఫుట్‌బాల్ క్లబ్బుకు నూరేళ్ళు పూర్తవుతున్నాయని దాని చరిత్ర రాసే పని నాకు అప్పగించారు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే. ఒప్పుకున్నది మాత్రం క్లబ్బు మీద ప్రేమతో కాదు, మా నాన్న గోలు కోసం.

నాన్న పేరు దోవిలియో. క్లబ్బు తరఫున ఆయన కొట్టింది ఒక్కటే గోలు. నా చిన్నప్పుడు భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బీని గోల్‌కీపర్ని చేసి, నారింజపండు దొర్లించి, ఎడమ కాలితో ఎలా తన్నాడో ఎన్నిసార్లు చూపించాడో లెక్కలేదు. కానీ క్లబ్బు రికార్డులో ఆ గోలు ఆయన పేరు మీద లేదు. పక్క ఊరు వాల్దిరేనా డిఫెండర్ ఎర్మెస్ తన గోల్లో తనే వేసుకున్నట్టు ఉంది.

నలభై ఏళ్ళ క్రితం, సీజన్లో ఆఖరి ఆదివారం అది. ఆట సమం అయితే రెండు ఊళ్ళూ లీగులో నిలుస్తాయి. ఎవరు ఓడితే వాళ్ళు కింది లీగుకి పోతారు. అందుకని శనివారమే రెండు ఊళ్ళ పెద్దలూ మాట్లాడేసుకున్నారు. ఇలాంటి ఒప్పందాన్ని మా వైపు ‘బిస్కెట్టు’ అంటారు. చెరో ముక్క కొరుక్కుంటారన్నమాట. దానికి ఎవరూ సిగ్గుపడరు. చర్చి ఫాదర్‌కు కూడా ముందే తెలుసు. తెలియనివాడు నాన్న ఒక్కడే. ఆయన సైన్యంలో తప్పనిసరి నౌకరీ చేస్తూ, సెలవు మీద ఆ పొద్దున్నే రైలు దిగాడు. చివరి పది నిమిషాలకు ఒకడి కాలు పట్టేస్తే ఆయన్ని దింపారు. ఒప్పందం సంగతి చెప్పడం మరిచిపోయారు. ఎనభై నాలుగో నిమిషంలో ఆయన కొట్టేశాడు.

ఎవరూ వచ్చి కౌగిలించుకోలేదు. “ఏం పని చేశావురా దరిద్రుడా!” అన్నాడట కెప్టెన్. ఆ తర్వాత మావాళ్ళు పక్కకు తప్పుకుని దారి ఇస్తే, వాల్దిరేనా వాళ్ళు నడుచుకుంటూ వచ్చి ఒక గోలు కొట్టి ఆట సమం చేసి పోయారు. మాట తప్పారన్న నింద రాకుండా మా కార్యదర్శి రిఫరీ దగ్గరికి పోయి, బంతి ఎర్మెస్ తలకు తగిలి లోపలికి పోయిందని రాయించాడు. నాన్నతో మాత్రం మూడేళ్ళు బార్లో ఎవరూ కలిసి కాఫీ తాగలేదు.

చర్చి పాత పత్రికల్లో నాకు ఆ రోజు ఫోటో దొరికింది. బంతి వలలో ఉంది. నాన్న ఎడమ కాలు ఇంకా గాల్లోనే ఉంది. ఎర్మెస్ ఆరడుగుల దూరంలో చేతులు వేలాడేసి నిలబడ్డాడు. నాన్న చూసి కళ్ళు తుడుచుకున్నాడు. “రాసెయ్ నీవెస్! నా పేరు అచ్చులో చూసుకుంటాను.”

రాశాను. క్లబ్బు అధ్యక్షుడు తార్చీజో పిలిపించాడు. డిగ్రీ ఉన్నవాళ్ళని మా దగ్గర డాక్టరనే పిలుస్తారు.

“డాక్టరమ్మా, ఆ పేజీ కుళ్ళిన చేప కంపు కొడుతోంది.”

“ఫోటో ఉందండీ.”

“ఫోటో నువ్వే చూసుకో. శనివారం విందుకి వాల్దిరేనా వాళ్ళు కూడా వస్తున్నారు. మీ నాన్నకి క్లబ్బు జెండా మోసే మర్యాద ఇస్తున్నాం. నలుగురిలో ఆయన్నే చెప్పమను. నాదే అంటే అలాగే అచ్చేయిస్తా, పో.”

విందులో వేయించిన మలుగు చేప ముక్కలు వడ్డించారు. నాన్న జెండా కర్రను మోకాళ్ళ మధ్య పెట్టుకుని తింటున్నాడు. ఎర్మెస్ లోపలికి రాగానే ఎవడో అరిచాడు: “లేవండ్రా, మన క్లబ్బు పెద్ద స్ట్రైకరు వచ్చాడు!” హాలంతా ఘొల్లుమంది.

డెబ్భై ఏళ్ళవాడు, నవ్వులు ఆగేదాకా నిలబడ్డాడు. తర్వాత మా నాన్న కుర్చీ దగ్గరికి వచ్చాడు.

“నలభై ఏళ్ళుగా ఈ మాటే పడుతున్నా దోవిలియో. నా మనవడిని కూడా ఏడిపిస్తున్నారు. నువ్వు చెప్పు. ఆ బంతి నాకు తగిలిందా?”

నేను ఫోటో తెచ్చి నాన్న పళ్ళెం పక్కన పెట్టాను. ఆయన ఫోటో వంక చూశాడు. తార్చీజో వంక చూశాడు. నాన్న గడ్డం మీద నూనె మెరుస్తోంది.

“తగిలింది ఎర్మెస్. కొంచెం. చెవి దగ్గర.”

చప్పట్లు మోగాయి. అబద్ధం ఆడితే ఆడాడు, ఆ చెవి సంగతి ఎవరడిగారు? ఎర్మెస్ బయటికి నడిచాడు. నేను వెంట పరుగెత్తి ఫోటో ఆయన చేతిలో పెట్టాను. “క్షమించండి” అన్నాను. ఆయన దాన్ని దీపం కింద చాలాసేపు చూసి, మడవకుండా కోటులోపల పెట్టుకున్నాడు.

లోపలికి వెళ్ళి, పుస్తకం మీద నా పేరు వేయొద్దని తార్చీజోకు చెప్పాను. “నీ ఇష్టం డాక్టరమ్మా” అని ఆయన ఇంకో ముక్క వడ్డించుకున్నాడు.

ఇంటికి వస్తుంటే కారులో నాన్న అన్నాడు, “మనకి తెలుసు కదే నిజం, చాలదూ?”

“ఎర్మెస్‌కీ తెలుసు నాన్నా.”

కారంతా మలుగు నూనె వాసన. చలి అయినా అద్దం పూర్తిగా దించేశాను.