పట్టు వదిలిన బాక్టీరియా

మనిషి మూత్రాశయం లోపలి పొర కణాలను చిన్న పళ్లెంలో పెంచడం ఆ ప్రయోగశాలలో ఆమె పని. వాటి మీదికి బాక్టీరియాను వదలడం ఆమె భర్త పని. పెళ్లయిన కొత్తలోనే ఇద్దరికీ ఈ జంటపని పడింది.

"చంటిపిల్లల్లా సాకాను. తీసుకెళ్లి నీ రాక్షసులకి అప్పగించు," అంటూ ఆమె రోజూ పళ్లెం అందించేది.

"రాక్షసులేం కాదు, కాస్త మొండిఘటాలు. అంతే."

ఆ మొండితనంతోనే వచ్చింది చిక్కంతా. ద్రవంలో తేలే బాక్టీరియా యాంటీబయాటిక్ పడగానే చచ్చేది. కణాలను కరుచుకున్నది మాత్రం అదే మందుకు చలించేది కాదు. మోతాదు పెంచితే దానికంటే ముందు ఆమె కణాలే ముడుచుకుపోయేవి. ఆ రోజు ఇంట్లో వంట అతనిదేనని వేరే చెప్పనక్కర్లేదు. పైగా ఇలాంటి బాక్టీరియా వల్లే అతని తల్లికి మూత్రంలో ఇన్ఫెక్షన్ తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతోంది.

ఒక ఉదయం ఆమెకు విసుగొచ్చింది. "చంపడం మానేద్దాం. మందు బాగా తగ్గించి వేసి చూడు, పట్టయినా వదులుతాయేమో."

"తగ్గిస్తేనా? వాటికి టానిక్కు పోసినట్టుంటుంది!"

అన్నాడే గానీ వేశాడు. మధ్యాహ్నం పళ్లెం కడిగి మైక్రోస్కోపు కింద పెట్టి, కన్ను తీయకుండా చూస్తూ ఉండిపోయాడు. ఆమె అతన్ని భుజంతో నెట్టి కన్ను ఆనించింది. కణాలు నిండుగా, శుభ్రంగా ఉన్నాయి. బాక్టీరియా చావలేదు; పట్టు వదిలేసి, కడిగిన ద్రవంలోకి కొట్టుకుపోయింది. మందు వేయని పళ్లెంలో మాత్రం గుంపులుగా అతుక్కునే ఉంది.

"వదిలేశాయి! ఒరే బాబూ, వదిలేశాయి!" అని అరిచింది. "ఒంట్లోనైతే ఇక మూత్రంతోనే పోతాయి!"

ఇద్దరూ చేతులు పట్టుకుని బల్లల మధ్య గిర్రున తిరిగారు. కుర్చీ బోర్లాపడింది. ఆ చప్పుడుకి విభాగం పెద్దాయన వచ్చి, "ఇదేమన్నా ఆటస్థలమా?" అని కళ్లెర్రజేశాడు. విషయం విని, "పళ్లేలు తారుమారు చేసుంటారు," అని తేల్చేశాడు.

మళ్లీ చేశారు. ఈసారి దేంట్లో మందుందో వాళ్లకు తెలియకుండా ఆయనే వేశాడు. చూసి ఇద్దరూ ఒకేసారి ఒకే పళ్లెం చూపించారు; మందున్నది అదే. పెద్దాయన కిసుక్కున నవ్వాడు. ఆపుకోబోతే ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

సాయంత్రం ఆ హడావిడిలో ఎదురు దిక్కుకి వెళ్లే బస్సెక్కేశారు. ఆ బస్సులోంచే ఆమె అత్తగారికి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"అయితే నాకా మందెప్పుడిస్తారే?"

"ఇంకా చాలా టైముంది అత్తయ్యా. ఇప్పటికైతే పళ్లెంలో ఉన్నవాటికే."

"దానికేం, పెద్ద పళ్లెం తెండి, కూర్చుంటాను!"

ఆమె పగలబడి నవ్వింది. ఎందుకో తెలియకుండానే పక్క సీటువాళ్లూ నవ్వేశారు.